తలకోన వంకలో ఆకులు నిండా ఉన్నాయి, ఆకు తినే పురుగులు మాత్రం లేవు: ఎందుకంటే

మీరు అడిగింది మిగతావాళ్లకూ అర్థం కావాలి కాబట్టి ముందు రెండు ముక్కల్లో చెప్తాను. మీరు తిరుపతిలో ఎమ్మెస్సీ జువాలజీ చేస్తున్నారు, ప్రాజెక్టు కోసం తలకోన వైపు వంకల్లో నీటి పురుగులు పట్టారు. ఒక అమెరికన్ పట్టిక దగ్గర పెట్టుకుని ఏ పురుగు ఏ తిండి గుంపులోకి వస్తుందో రాసుకుంటూ పోతే, ఆకు కొరికే పురుగుల గడి, అదే ష్రెడర్ల గడి, దాదాపు ఖాళీగా మిగిలింది. మడుగుల్లో చూస్తే అడుగు కనపడనంత ఆకు. వంక పాడైందా, శాంపిల్ తీయడం సరిగ్గా కుదరలేదా, ఆ ఆకంతా ఎవరు తింటున్నారు, గైడ్ చెప్పినట్టు పట్టికలో ఉన్నదే ఉన్నట్టు రాసేసి సబ్మిట్ చేసెయ్యొచ్చా అని అడిగారు.

టెన్షన్ పడకండి. ష్రెడర్లు తక్కువ ఉన్నాయన్న ఒక్క కారణంతో వంక పాడైందని అనలేం. మీ శాంపిల్ కూడా బాగానే ఉన్నట్టుంది, ఎందుకంటే వేడి దేశాల వాగుల్లో చాలాచోట్ల ఇలాగే వస్తుంది. పట్టికను మాత్రం అలాగే దించెయ్యకండి. ఎందుకు వద్దంటున్నానో చెప్పాలంటే కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి, ఇది నాకు చాలా ఇష్టమైన విషయం.

ఆ పట్టికకు మూలం కెన్నెత్ కమ్మిన్స్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1973, 74 ప్రాంతంలో రాసిన పేపర్లు. నీటి పురుగుల్ని జాతుల వారీగా కాకుండా తిండి సంపాదించుకునే తీరును బట్టి ఆయన గుంపులు చేశాడు. ఆకు కొరికేవి, బండ మీది పాచిని గీకేవి, అడుగున పడిన నలుసుల్ని ఏరుకునేవి, పారే నీటిలోంచి వడకట్టుకునేవి, వేటాడేవి. 1980లో వానోట్, కమ్మిన్స్, మరికొందరు కలిసి దీన్నే నది పొడుగునా పరిచి చూశారు: పైన చెట్ల నీడలో ఉండే చిన్న వాగుల్లో ఆకు కొరికేవీ నలుసులు తినేవీ, మధ్యలో ఎండ పడే వెడల్పాటి చోట పాచి గీకేవి, కిందికి పోయేకొద్దీ నలుసులు తినేవి ఎక్కువుంటాయని. చాలా మంచి ఆలోచన, ఇప్పటికీ పనికొస్తుంది. కాకపోతే అది ఉత్తర అమెరికా చలి ప్రాంతపు అడవి వాగుల్ని చూసి వేసిన లెక్క. అక్కడ చలి మొదలయ్యే ముందు ఆకంతా కొద్ది వారాల్లోనే రాలిపోతుంది, నీళ్లు చల్లగా ఉంటాయి, ఆకు మెల్లగా మెత్తబడుతుంది, ఆ ఆకు మీదే చలికాలమంతా పెరిగే, పిల్లలుగా నీళ్లలో బతికి పెద్దయ్యాక రెక్కలొచ్చే స్టోన్‌ఫ్లై కుటుంబాలు అక్కడ బోలెడు. మన దక్షిణాదిలో స్టోన్‌ఫ్లై అంటే ప్రధానంగా పెర్లిడే కుటుంబమే, నియోపెర్లా లాంటివి, అవి ఆకు ముట్టవు, మిగతా పురుగుల్ని వేటాడి తింటాయి. స్టోన్‌ఫ్లై కనపడగానే ష్రెడర్ అని రాసేస్తే మీ లెక్క అక్కడే తలకిందులైపోతుంది.

ఇంకో ముఖ్యమైన సంగతి, చాలామంది దాటేసేది. కమ్మిన్స్ గుంపులు పురుగు ఎలా తింటుందో చెప్తాయి, ఏం తింటుందో చెప్పవు. నోటి భాగాలు ఎలా ఉన్నాయి, వాటితో అది ఏం చేస్తుంది అన్నదే అక్కడ చూసేది. వంటింట్లో గరిటె చూసి ఆ పూట సాంబారా పప్పుపులుసా అని చెప్పలేం కదా, ఇదీ అంతే. పాచి గీకే నోరున్న పురుగు ఎండ పడే బండ మీద ఉంటే దాని పొట్ట నిండా గాజు పెంకున్న ఒంటికణపు పాచి, అంటే డయాటమ్‌లు ఉంటాయి, అదే పురుగు వాన వెలిసిన వారానికి ఒండ్రు పేరుకున్న రాయి మీద ఉంటే పొట్ట నిండా గోధుమరంగు నలుసులే ఉంటాయి. నోరు మారలేదు, తిండి మారింది. పట్టికలో మాత్రం రెండుసార్లూ స్క్రేపర్ అనే ఉంటుంది.

హెప్టజెనిడే మేఫ్లై పిల్లల్ని మీరు పట్టే ఉంటారు, నీళ్లలో పెరిగి రెక్కలొచ్చాక కొద్దికాలమే బతికే పురుగు పిల్లలివి. నీళ్లు జోరుగా పారే చోట అరచేయంత రాయి తీసి తిరగేస్తే, బిళ్లలా అణిగిపోయిన ఒళ్లు, తల పైభాగాన రెండు కళ్లు, మూడు తోకలు, వేలు పెట్టబోతే పీతలా పక్కకు జారిపోతుంది. దాన్ని వెల్లకిలా తిప్పి స్టీరియో మైక్రోస్కోప్ కింద పెట్టి నోటి దగ్గర చూడండి. పెదవి పక్కన చిన్న చేతుల్లా ఉండే పాల్ప్‌ల మీద వరసగా గట్టి వెంట్రుకలు, కొన్నిటికి దువ్వెన పళ్లలాంటి ముళ్లు. తల వంచి వాటితో బండను ఊడ్చుకుంటూ పోతుంది, ఊడిన పాచి నోట్లోకి పోతుంది. బతికున్నదాన్ని పాచి పట్టిన చిన్న రాయితో సహా ఒక గాజు గిన్నెలో వేసి కింది నుంచి చూస్తే ఈ ఊడ్పు స్పష్టంగా కనిపిస్తుంది. ఒక్కసారి చూశాక ఇక ఎప్పటికీ మర్చిపోరు.

బండ మీది పాచి తినేవి మేఫ్లైలు ఒక్కటే కాదు. సెఫెనిడే పెంకుపురుగు పిల్లలు రాయికి నాణెంలా అతుక్కుని ఉంటాయి, గోరుతో లేపితే గానీ రావు, అవీ పాచే గీకుతాయి. జలపాతం పక్కన తడిబండల మీద సన్నని పట్టు పొర కింద గొంగళిపురుగు కనబడితే ఆశ్చర్యపోకండి, నీళ్లలో పెరిగే సీతాకోకచిలుకల దగ్గరి చుట్టాలున్నాయి, క్రాంబిడే కుటుంబపు చిమ్మటలు, ఆ పొర కిందే ఉండి చుట్టూ పాచి తింటాయి.

ఇక అసలు విషయానికి, ఆకు దగ్గరికి వస్తాను.

రాలిన ఆకు నీళ్లలో పడగానే తినడానికి పనికిరాదు. వగరుగా ఉండే పచ్చి టానిన్లు, కట్టెకు గట్టిదనం ఇచ్చే లిగ్నిన్, కార్బన్ ఎక్కువ, నైట్రోజన్ తక్కువ. ముందు టానిన్లు కొంత నీళ్లలోకి దిగిపోవాలి, అందుకే మన మడుగుల్లో నీళ్లు ఎండాకాలంలో డికాషన్ రంగుకు తిరుగుతాయి. తరవాత నీటి శిలీంధ్రాలు ఆకులోకి దిగి కణజాలాన్ని మెత్తబరుస్తాయి, వాటి ఒంట్లోని ప్రోటీన్ ఆకుకు చేరుతుంది. ఆకు కొరికే పురుగు నిజానికి బలం తెచ్చుకునేది చాలావరకు ఈ శిలీంధ్రాల నుంచే. ఇంగోల్డ్ అనే ఆయన 1942లో ఇంగ్లండులో ఒక వాగులో వీటిని వివరంగా చూపించాడు, అందుకే వీటిని ఇంగోల్డియన్ ఫంగై అని కూడా అంటారు. మన దగ్గర మంగళూరు విశ్వవిద్యాలయంవాళ్లు పడమటి కనుమల వాగుల్లో వీటి మీద చాలా పని చేశారు. మీరు కూడా సులువుగా చూడొచ్చు: జలపాతం కింద సుడి తిరిగే చోట తెల్లటి నురగ పేరుకుంటుంది, అది కొంచెం చిన్న సీసాలోకి తీసి, ఒక చుక్క స్లైడ్ మీద వేసి 400 రెట్లలో చూస్తే నాలుగు చేతులున్న చిన్న చిన్న స్పోర్లు, అంటే శిలీంధ్రాల విత్తనాల్లాంటివి, కనిపిస్తాయి. నాలుగు చేతుల ఆకారం వల్ల అవి పారే నీటిలో ఎక్కడో ఒకచోట తగులుకుంటాయి. ప్రాజెక్టులో ఆ ఫొటో ఒకటి పెడితే ఎంత బాగుంటుందో.

నీళ్లు వెచ్చగా ఉంటే ఈ శిలీంధ్రాలూ బ్యాక్టీరియా జోరుగా పనిచేస్తాయి. అంటే చలి దేశంలో పురుగుకు మిగిలే ఆకులో మంచి భాగం మన దగ్గర సూక్ష్మజీవులకే పోతుంది. లూస్ బోయెరో, ఇంకా ఎన్నో దేశాల వాళ్లు కలిసి ఒకే రకం ఆకును, ఆల్డర్ చెట్టు ఆకును, వేర్వేరు ఖండాల వాగుల్లో కట్టి చూసి 2011లో ఇది బయటపెట్టారు. భూమధ్యరేఖ వైపు వచ్చేకొద్దీ ఆకు కుళ్లడంలో సూక్ష్మజీవుల వాటా పెరుగుతుంది, పురుగుల వాటా తగ్గుతుంది, మొత్తం మీద ఆకు తరిగే వేగం మాత్రం పెద్దగా మారదు. మీ మడుగులో ఆకు ఎవరు తింటున్నారన్న ప్రశ్నకు సగం జవాబు ఇదే, కంటికి కనిపించనివి తింటున్నాయి.

దానికి తోడు మన చెట్లు. వంక గట్టున నేరేడు, తెల్లమద్ది లాంటివి ఉంటాయి కదా, వాటి ఆకులు దళసరి, తోలులా ఉంటాయి, టానిన్ బాగా ఎక్కువ. కానుగ లాంటి చిక్కుడు జాతి చెట్ల ఆకు కాస్త మెతక, నైట్రోజన్ ఎక్కువ. రెండిటినీ ఒకే మడుగులో వేసి పక్షం రోజులు ఆగి చూస్తే తేడా చేతికే తెలుస్తుంది.

ఇంకొకటి, ఇది తిరుపతి వైపు వాళ్లకు తెలిసినంత బాగా పుస్తకాలకు తెలియదు: మన వంకకు కాలం ఉంది. పెద్ద వానలు మనకు ఈశాన్య ఋతుపవనాలతో అక్టోబరు నుంచి డిసెంబరు లోపు పడతాయి. అడవిలో ఆకు బాగా రాలేది ఆ తరవాత, జనవరి దాటాక, ఎండలు ముదిరేకొద్దీ. అంటే నీళ్లు దండిగా ఉన్నప్పుడు ఆకు తక్కువ, ఆకు పడేసరికి వంక పారడం ఆగిపోయి మడుగులుగా విడిపోయి ఉంటుంది. చాలా ఆకు ఎండిన బండల మీదే పడి ఎండకు పెళుసెక్కుతుంది. తరవాత వచ్చే మొదటి గట్టి వాన దాన్ని మొత్తం ఊడ్చి కిందికి తీసుకుపోతుంది. 2021 నవంబరులో తిరుపతిలో వచ్చిన వరద గుర్తుందిగా, అలాంటిది ఒకటి వస్తే ఆకే కాదు, రాళ్లే దొర్లిపోతాయి. ఆకు మీదే నెలల తరబడి ఆధారపడి పెరిగే పురుగుకు ఇలాంటి చోట బతుకు కష్టం. పొట్టి జీవితం, దొరికింది తినే అలవాటు, త్వరగా రెక్కలొచ్చి ఎగిరిపోవడం, ఇవున్నవే ఇక్కడ నెగ్గుకొస్తాయి. బీటిడే మేఫ్లైలు మీ శాంపిల్‌లో అన్ని ఎందుకు ఉన్నాయో ఇప్పుడు అర్థమవుతుంది.

అన్ని వేడి దేశాల్లోనూ ఇంతే అని మాత్రం రాయకండి. డాబ్సన్, ఆయన తోటివాళ్లు 2002లో కెన్యా కొండ వాగుల్లో ఆకు కొరికే పురుగులు ఎక్కడికి పోయాయని వెతికితే చాలా తక్కువ దొరికాయి. అదే ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ వర్షారణ్య వాగుల్లో చూస్తే బాగానే ఉన్నాయి. చెట్లు, నీటి చల్లదనం, వాగు ఏడాదంతా పారుతుందా లేదా, ఇవన్నీ లెక్కలోకొస్తాయి. మన దగ్గర కూడా నీడలో, ఏడాదంతా తడి ఆరని చోట వెతికితే కొన్ని దొరుకుతాయి. పట్టుదారంతో గూడో వలో కట్టుకునే నీటి పురుగులైన కాడిస్‌ఫ్లైలలో కెలమోసెరాటిడే కుటుంబం ఉంది, అందులో అనైసోసెంట్రోపస్ దక్షిణ భారతంలో ఉండేదే. అది ఆకులోంచి రెండు అండాకారపు ముక్కలు కోసి, పైన ఒకటి కింద ఒకటి పెట్టి పట్టుతో కుట్టి మధ్యలో తాను దూరి ఉంటుంది. ట్రేలో ఆకులు పరిచి చూస్తుంటే ఒక ఆకు ముక్క దానంతటది నడుస్తున్నట్టు ఉంటుంది. కదలకుండా కొన్ని నిమిషాలు ట్రే వైపు చూస్తే తప్ప కంటబడదు, హడావుడిగా ఏరితే ఆకుతో పాటు పారేస్తాం. మిగిలిన ఆకు చెత్త ఉంటే మళ్లీ ఒకసారి చూడండి. లెపిడోస్టొమాటిడే, కొన్ని లెప్టోసెరిడే, కొన్ని టిప్యులిడే, అంటే పొడుగు కాళ్ల ఈగల, లార్వాలు కూడా ఆకు కొరుకుతాయి.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఆకు కుప్పలో దొరికిందని ఆకు తినేదిగా రాయకూడదు. లెప్టోఫ్లెబిడే మేఫ్లైలు, కైరోనోమిడే ఎర్రపురుగులు ఆకుల మధ్య గుంపులుగా ఉంటాయి, కానీ వాటిలో ఎక్కువ భాగానికి ఆకు ఇల్లు మాత్రమే, తిండి ఆకు మీద పేరుకున్న నలుసు.

ఆకు తినేవాళ్లలో అసలు పెద్దవాళ్లు మీ పట్టికలో లేరు, ఎందుకంటే అవి పురుగులు కావు. ఎండ్రకాయలు. మన కొండ వంకల్లో రాళ్ల సందుల్లో ఉండే మంచినీటి ఎండ్రకాయ ఆకు తింటుంది, చచ్చిన పురుగు తింటుంది, చిన్న చేప దొరికితే అదీ వదలదు. కెన్యా వాగుల్లో ఆకు కొరికే పురుగులు కరువైన చోట ఎండ్రకాయలు దండిగా ఉన్నాయి. ప్యూర్టోరికోలో అయితే ఒక రకం రొయ్యే ఆకును చీల్చి పెడుతుంది, దాని తరవాత పడే నలుసు మీద మిగతావి బతుకుతాయి. ఎండ్రకాయలు రాత్రిపూట తిరుగుతాయి, మనం పగలు వాగు అడుగున పెట్టి పురుగులు పట్టే సర్బర్ నెట్ పట్టుకుని పోతాం, ఇక అవి మన లెక్కలోకి ఎలా వస్తాయి? రొయ్యల్లో కారిడినా జాతివి ఉంటే వాటి చిన్న కొండీల చివర కుచ్చుల్ని చూడండి, అవి ఆకు కోసేవి కావు, ఆకు మీది పొరను ఊడ్చుకునేవి.

వడకట్టుకునేవాటి గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే పట్టిక బాగా మోసం చేసేది వీటి దగ్గరే. హైడ్రోసైకిడే కాడిస్‌ఫ్లై లార్వా రాళ్ల మధ్య పారే నీటికి ఎదురుగా పట్టుదారంతో వల కడుతుంది, లెన్స్ పెట్టి చూస్తే చతురస్రపు గళ్లు వరసగా ఎంత చక్కగా ఉంటాయో. పక్కనే రాతి ముక్కలు పేర్చి కట్టుకున్న గూట్లో కూర్చుని, వలలో పడ్డదాన్ని తీసుకుని తింటుంది. వలలో ఆకు పొడి, డయాటమ్‌లు, కొట్టుకొచ్చిన మేఫ్లై పిల్లలు, అన్నీ పడతాయి. చిన్నప్పుడు నలుసులూ పాచీ ఎక్కువ తింటుంది, పెద్దదయ్యేకొద్దీ మాంసం వాటా పెరుగుతుంది. దాన్ని ఫిల్టరర్ అనాలా, వేటగాడు అనాలా? మీ చేతిలో ఉన్న లార్వా వయసు చూడకుండా చెప్పలేం. ఫిలోపొటామిడే లార్వా వల ఇంకా నాజూకు, సన్నటి సంచీలా ఉంటుంది, గళ్లు మైక్రాన్లలో, అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతుల్లో, ఉంటాయి కాబట్టి మిగతావాళ్లు వదిలేసిన అతి సన్నని నలుసు దానికి చిక్కుతుంది.

సిమ్యులిడే నల్లదోమ లార్వాలైతే తోక వైపు కొక్కేలతో రాతికి అంటించుకున్న పట్టు మెత్త మీద నిలబడి, తల మీది రెండు విసనకర్రల్ని తెరిచి పారే నీటిని జల్లెడ పడతాయి. బ్యాక్టీరియా అంత చిన్నవాటిని కూడా పట్టగలవు. అవి విసర్జించేది చిన్న చిన్న గుళికల రూపంలో అడుగుకు చేరుతుంది, దాన్ని కింద ఏరుకునే పురుగులు తింటాయి. నీళ్లలో తేలిపోవాల్సిన బలాన్ని ఇలా వంక అడుగుకు చేర్చేది ఇవే. మన ఎమ్మెస్సీ ప్రాజెక్టుల్లో ఈ గుళికల మాట ఎవరూ ఎత్తరు, మీరన్నా ఒక పేరా రాయండి.

వేటాడేవి మీకు ఎక్కువ దొరికాయన్నారు, ముఖ్యంగా మడుగుల్లో. వంక కుంచించుకుపోయినప్పుడు అందరూ ఒకే మడుగులో ఇరుక్కుంటారు, వేటగాడికి తిండి కాళ్ల దగ్గరే ఉంటుంది. తూనీగ పిల్ల కింది పెదవి మడతపెట్టిన చేయిలా గడ్డం కింద ఉంటుంది, ఎర దగ్గరికి రాగానే రెప్పపాటులో ముందుకు చాచి, చివరి కొక్కేలతో పట్టి నోటి దగ్గరికి లాక్కుంటుంది. వీటి పొట్టలో కైరోనోమిడ్ తలలు, మేఫ్లై కాళ్లు తేలిగ్గా గుర్తుపట్టొచ్చు. కానీ డైటిసిడే అనే నీటి పెంకుపురుగు లార్వా, నీటి నల్లులు, అంటే బెలోస్టొమాటిడే, నాకోరిడే, నోటోనెక్టిడే, వీటి పొట్ట తెరిస్తే ఏమీ కనిపించదు. ఎరలోకి జీర్ణరసం ఎక్కించి లోపలే కరిగించి పీల్చేస్తాయి కాబట్టి. స్లైడ్ ఖాళీగా ఉందని అది ఆకలితో ఉందని రాయకూడదు.

ఇప్పుడు మీరు చేయాల్సిన పని. ఎక్కువగా దొరికిన ఎనిమిది పది రకాలు ఎంచుకుని పొట్టలు తెరవండి. పట్టిన వెంటనే వంక గట్టునే ఎనభై శాతానికి తగ్గని ఆల్కహాల్‌లో వేయాలి, బతికుండగా ఇంటికి తెస్తే పొట్ట ఖాళీ చేసుకుంటాయి. పెర్లిడ్‌లనీ తూనీగ పిల్లల్నీ మిగతావాటితో కలిపి ట్రేలో ఉంచితే ఆ గంటలో తిన్నది కూడా మీ డేటాలోకి వచ్చేస్తుంది, వాటికి వేరే సీసాలు పెట్టండి. మేఫ్లై పిల్లల్లో రెక్కల సంచులు నల్లబడినవి వద్దు, అవి తిండి మానేసి రెక్కలు విప్పుకోవడానికి సిద్ధంగా ఉన్నవి, పెద్దయ్యాక వాటికి తినే నోరే ఉండదు. కొత్తగా కుబుసం విడిచినవీ వద్దు.

తెరిచేది ఇలా. స్టీరియో కింద ఒక చుక్క నీళ్లలో పురుగును పెట్టి, ఒక సన్నని సూదితో ఛాతీని పట్టుకుని ఇంకో సూదితో తలను మెల్లగా ముందుకు లాగితే చాలాసార్లు అన్నవాహిక దానితోపాటే వస్తుంది. ముందు భాగంలో ఉన్నదే తీసుకోండి, వెనకది అరిగిపోయి అంతా ఒకే రంగులో కనిపిస్తుంది. దాన్ని గ్లిజరిన్ చుక్కలో విప్పి కవర్ స్లిప్ వేయండి. 100 రెట్లలో ఆకు కణజాలం కనిపిస్తుంది, గళ్లు గళ్లుగా, కొన్నిసార్లు ఈనె ముక్కతో సహా. 400 రెట్లలో డయాటమ్ గాజు పెంకులు, శిలీంధ్రాల దారాలు తెలుస్తాయి. ఏ ఆకారమూ లేని గోధుమ రంగు ముద్ద ఉంటుంది చూడండి, అది నలుసు, చాలా పొట్టల్లో అదే ఎక్కువ ఉంటుంది. టొమానోవా బృందం 2006లో బొలీవియా వాగుల్లో పొట్టలు తెరిచి చూసినప్పుడు కూడా ఎక్కువ పురుగులకు సన్నని నలుసే ప్రధాన తిండి అని తేలింది. ఒక్కో స్లైడ్‌లో కొన్ని చోట్లు ఎంచుకుని, ఏది ఎంత వైశాల్యం ఆక్రమించిందో రాసుకోండి. చిన్న లార్వాలనీ పెద్దవాటినీ వేర్వేరుగా పెట్టండి, హైడ్రోసైకిడే దగ్గర ఇది తప్పనిసరి. ఇదే పనిని నీళ్లు పారేటప్పుడు ఒకసారి, మడుగులైపోయాక ఒకసారి చేయగలిగితే మీ ప్రాజెక్టుకు ప్రాణం వస్తుంది.

పొట్టలో ఉన్నదంతా ఒంటికి పట్టదన్నది కూడా గుర్తుంచుకోండి. నలుసు బోలెడు తింటుంది, అందులో సగానికి పైగా అలాగే బయటికి పోవచ్చు. డయాటమ్ కొంచెమే తిన్నా కొవ్వు, ప్రోటీన్ దండిగా అందుతాయి. కార్బన్, నైట్రోజన్ ఐసోటోపులు, అంటే ఒకే మూలకంలో బరువు తేడా ఉన్న రకాలు, కొలిస్తే ఒళ్లు దేనితో కట్టుకుందో తెలుస్తుంది, తిండి గొలుసులో ఒక మెట్టు ఎక్కితే నైట్రోజన్-15 సుమారు 3.4 పర్ మిల్, అంటే వెయ్యికి 3.4 వంతులు, పెరుగుతుందని లెక్క వేస్తారు. హాంకాంగ్‌లో డడ్జన్ బృందం ఇలా చూసినప్పుడు నీడ ఉన్న వాగుల్లో కూడా పాచి వాటా అనుకున్నదాని కంటే బాగా ఎక్కువ వచ్చింది. ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఆ ఖర్చు అక్కర్లేదు, కానీ చర్చలో ఈ పరిమితిని ఒప్పుకుంటూ రెండు వాక్యాలు రాస్తే చదివేవాళ్లకు మీ మీద నమ్మకం కలుగుతుంది.

ఆకును ఎవరు తింటున్నారో నేరుగా చూపించాలంటే ఆకు సంచులు కట్టండి. ఎండబెట్టి తూచిన ఆకు ఒక్కో సంచిలో మూడు నాలుగు గ్రాములు చాలు. సగం సంచులకు పురుగులు దూరలేని అర మిల్లీమీటరు గళ్ల మెష్, సగానికి ఐదు పది మిల్లీమీటర్ల మెష్. రెండిటి తేడా పురుగుల వాటా. కానీ పెద్ద మెష్‌లోకి కూడా పెద్ద ఎండ్రకాయ దూరలేదు, అందుకని కొన్ని ఆకుల్ని కాడ దగ్గర దారంతో కలిపి కట్టి, సంచి లేకుండా రాయికి బిగించండి. కొరికిన అంచులు చూస్తే ఎండ్రకాయ పనో పురుగు పనో తెలుస్తుంది, పురుగు ఈనెల మధ్య మెత్తటి భాగాన్ని గీకి వలలా వదులుతుంది, ఎండ్రకాయ ఈనెతో సహా చింపేస్తుంది.

గైడ్‌గారితో వాదన పెట్టుకోవద్దు. పట్టిక తీసెయ్యక్కర్లేదు, దాని పక్కన ఇంకో గడి గీయండి. మొదటి గడిలో నోటి తీరును బట్టి గుంపు, రెండో గడిలో మీరు పొట్టలో చూసింది, ఏ నెలలో, ఎలాంటి చోట. రెండూ కలవని చోటే మీ ప్రాజెక్టులో కొత్త విషయం ఉంది, ఆయనకూ అది నచ్చుతుంది. ష్రెడర్ల నిష్పత్తి లెక్కగట్టి వంక ఆరోగ్యం ఇంత అని మాత్రం రాయకండి, ఆ కొలత మన వంకల కోసం తయారైంది కాదు.

శ్రీ వేంకటేశ్వర జాతీయ వనం హద్దుల్లో ఏది పట్టాలన్నా, సంచులు కట్టాలన్నా అటవీ శాఖ అనుమతి కాగితం చేతిలో ఉండాలి, ఇదివరకే తీసుకుని ఉంటే ఆకు సంచుల సంగతి కూడా అందులో ఉందో లేదో చూసుకోండి, లేకపోతే డిపార్ట్‌మెంట్ ద్వారా మళ్లీ రాయించండి. పోల్చడానికి ఇంకో చోటు కావాలంటే పలమనేరు వైపు కైగల్ జలపాతం ఉంది, అది కౌండిన్య అభయారణ్యం కిందికి వస్తుంది కాబట్టి దానికి వేరే అనుమతి. మీ స్లైడ్ల ఫొటోలు తీశాక ఇక్కడ పెట్టండి, ముఖ్యంగా లెప్టోఫ్లెబిడే, హైడ్రోసైకిడే పొట్టలవి, ఏ ముక్క ఏదో తెలియకపోతే చూసి చెప్తాను.